కూల్చేసిన గుడి వైపు ఒక కిటికీ

ప్రశ్న: అక్కా, మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. పదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా పల్లెలో బెంగుళూరు పెంకుల పాత గుడి (చర్చిని మా వైపు అలాగే అంటాం) ఉండేది, తాతల కాలం నాటిది. మా నాన్న ముప్పై ఏళ్లు ఆ గుడి గంట కొట్టాడు. ఆయన పోయి రెండేళ్లయింది. చివరిసారి ఆయన శవపెట్టెను ఉంచింది కూడా ఆ గుడిలోనే. పోయిన ఏడాది సంఘం వాళ్లు దాన్ని పడగొట్టి, అదే స్థలంలో స్లాబు వేసి పెద్ద చర్చి కట్టారు. టైల్స్, స్టేజీ, లైట్ల సిలువ, అన్నీ ఉన్నాయి. క్రిస్మస్‌కి వెళ్లి మోకాళ్లూనితే నాకు ఒక్క మాట రాలేదు. అప్పటి నుంచి ఇక్కడ కూడా ప్రార్థన రావడం లేదు. ఇక్కడ మా ఆరాధన ఒక ఫంక్షన్ హాల్లో జరుగుతుంది. ముందురోజు పెళ్లి బిర్యానీ వాసన ఇంకా పోకుండానే పాటలు మొదలవుతాయి. మా ఆయనేమో "దేవుడు చేతులతో కట్టిన ఆలయాల్లో ఉండడు, గోడల కోసం ఏడవడం కూడా విగ్రహారాధనే" అంటారు. వాక్యమే కదా అని నోరు మూసుకుంటాను. అమ్మ అయితే కొత్త చర్చి లోపలికే వెళ్లదు. బయట వేపచెట్టు కింద కూర్చుని మైకులో వింటుంది. నాది తప్పా? మళ్లీ ప్రార్థన ఎలా మొదలుపెట్టాలి? అమ్మకి ఏం చెప్పాలి?
— పేరు వద్దు, కూకట్‌పల్లి

జవాబు:

చెల్లెమ్మా,

మీ ఉత్తరంలో గుడి గురించి, చర్చి గురించి, హాలు గురించి చాలా ఉంది. నాన్నగారి గురించి మూడు వాక్యాలే ఉన్నాయి. గంట కొట్టేవారని, పోయి రెండేళ్లయిందని, పెట్టెను అక్కడే ఉంచారని. ఆ మూడూ రెండోసారి చదివాక మిగతా ఉత్తరమంతా నాకు వేరేగా వినిపించింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. మీరు నోరు మూసుకున్న చోటు నుంచి మొదలుపెడతాను.

మీ ఆయన చెప్పిన వాక్యం సరైనదే. పౌలు ఏథెన్సులో ఆ మాట అన్నాడు. అంతకుముందు స్తెఫను కూడా అన్నాడు, అన్నందుకు రాళ్ల దెబ్బలు తిన్నాడు. అసలు వాళ్లిద్దరికంటే చాలా ముందు, యెరూషలేములో గుడి కట్టించిన సొలొమోను రాజే అన్నాడు. ప్రతిష్ఠ రోజున, జనమంతా చూస్తుండగా, "ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు" అని, నేను కట్టిన ఈ మందిరం ఏపాటిది అన్నాడు. అంత డబ్బు పెట్టి కట్టిన మనిషి మొదటి రోజే ఆ మాట అన్నాడంటే, దేవుడు గోడల్లో ఇమడడన్న సంగతి బైబిలు జనానికి మొదటినుంచీ తెలుసన్నమాట.

అయితే సొలొమోను ప్రార్థన అక్కడితో ఆగలేదు. మొదటి రాజుల గ్రంథం ఎనిమిదో అధ్యాయం ఈ రాత్రి ఇద్దరూ కూర్చుని చదవండి. దేవుడు ఇక్కడ పట్టడు అన్న వెంటనే, ఈ చోటి వైపు తిరిగి ఎవరైనా మొరపెడితే విను అని అడుగుతాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అడుగుతాడు. వాన లేనప్పుడు, తెగులు వచ్చినప్పుడు, దూరదేశం నుంచి పరాయివాడు వచ్చినప్పుడు, చివరికి మనవాళ్లు చెరపట్టబడి పరాయి దేశంలో ఉన్నప్పుడు కూడా, వాళ్లు ఈ మందిరం తట్టు తిరిగితే విను అంటాడు. దేవుడికి ఇల్లు అక్కర్లేదని తెలిసినవాడే, మనుషులకు తిరగడానికి ఒక దిక్కు కావాలని కూడా తెలుసుకున్నాడు. మీ ఆయన ఆ అధ్యాయంలో సగమే పట్టుకున్నారు. పోట్లాడకండి. మిగతా సగం చదివి వినిపించండి చాలు.

ఇంకొకటి. లూకా సువార్తలో ఒక చిన్న మాట రెండుసార్లు వస్తుంది. నజరేతులో యేసు "తన వాడుక చొప్పున" సమాజమందిరానికి వెళ్లాడని నాలుగో అధ్యాయంలో ఉంది. పట్టుకుపోయే రాత్రి కూడా "తన వాడుక చొప్పున" ఒలీవల కొండకు వెళ్లాడని ఇరవై రెండులో ఉంది. ఆయన్ని పట్టించిన యూదాకు వెతుక్కునే పని కూడా లేకపోయింది. యేసు శిష్యులతో తరచూ అక్కడికే వెళ్లేవాడు కాబట్టి ఆ స్థలం వాడికి తెలుసని యోహాను రాశాడు. ఎక్కడైనా ప్రార్థించగలిగిన ఆయనకే అలవాటైన ఒక కొండ ఉంది, అలవాటైన ఒక తోట ఉంది. ఆరాధించాల్సింది గరిజీము కొండ మీదా, యెరూషలేములోనా అని సమరయ స్త్రీ అడిగితే ఈ రెండూ కాదు, ఆత్మతోను సత్యముతోను అని చెప్పింది కూడా ఆయనే. ఆ రెండు సంగతులూ ఒకే మనిషివి. అందుకని మీకు ఒక చోటు కావాలనిపిస్తే అది విశ్వాసం తక్కువైనట్టు కాదు. ఆయనకున్న వాడుకే మీకూ ఉంది.

విగ్రహారాధన అన్న మాట పెద్దది కాబట్టి దాన్ని తేలిగ్గా వదలను. చోటు మీద ప్రేమ చెడిపోయే సందర్భాలు బైబిల్లోనే ఉన్నాయి. మోషే దేవుడి మాట మీదే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు దాన్ని పగలగొట్టించాడు. యిర్మీయా ప్రవక్త గ్రంథం ఏడో అధ్యాయం ఇంకా ఘాటుగా ఉంటుంది. దొంగతనాలు చేసి, అబద్ధ ప్రమాణాలు చేసి, ఆ చేతులతోనే వచ్చి "యెహోవా ఆలయము, యెహోవా ఆలయము" అని జపం చేస్తున్నారని ఆయన తిట్టాడు. అక్కడి తప్పు గోడలను ప్రేమించడం కాదు, గోడల చాటున దాక్కోవడం. మన దగ్గరా చూస్తూనే ఉన్నాం. ఒకే సంఘం రెండుగా చీలి, ఆరాధన రోజున గేటుకు రెండు తాళాలు పడి, ఇరుపక్షాలూ కోర్టు వాయిదాల మధ్య క్రిస్మస్ చేసుకోవడం. అలాంటి చోట యిర్మీయా వస్తే ఏమంటాడో నాకు అనుమానం లేదు. మీరు ఎవరి గేటుకూ తాళం వేయలేదు. నాన్న కూర్చున్న చోటు కనిపించక ఏడ్చారు. అది విగ్రహారాధన ఎలా అవుతుంది?

ఇప్పుడు ఆ పెంకుల గుడి గురించి. మీది ఒంగోలు దగ్గర అన్నారు కాబట్టి ఈ భాగం కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి. ఎందుకంటే మీ ప్రశ్నకు పాత జవాబు మీ జిల్లాలోనే ఉంది.

1854 జనవరి 1, తెల్లవారుజాము. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, వాళ్లతో వేళ్లమీద లెక్కపెట్టేంత మంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. అప్పటికి ఒంగోల్లో వాళ్లకు మిషన్ లేదు, చర్చి లేదు. అమెరికాలో ఉన్నవాళ్లయితే ఫలితం కనిపించని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చిస్తున్న రోజులవి. ఇక్కడికి ఒక మనిషిని పంపు ప్రభువా అని అడిగి కొండ దిగారు. పన్నెండేళ్ల తర్వాత, 1866లో, మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చి కాపురం పెట్టాడు. ఆ కొండ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పేరుతో మిషన్ చరిత్రల్లోకి ఎక్కింది. ఆ ఉదయం అక్కడ కట్టిందేమీ లేదు. రాళ్లూ, తుప్పలూ, ఆ కొద్దిమందీ.

తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరవు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరవు పని జరిగే చోట, మట్టి తట్టల మధ్య, బోధకులు సాయంత్రాలు ప్రార్థన చేసేవారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలోకి దిగి ఇచ్చారు. మీ పల్లె పెద్దల ముత్తాతలు ఆ ఏట్లో మునిగినవాళ్లే అయ్యుండొచ్చు. కొండ, కాలువ గట్టు, ఏరు. మీ ప్రాంతంలో సంఘం పుట్టింది గోడలు లేని చోట్లలో.

అదే నిజమైతే మీ ఆయన మాటే నెగ్గినట్టు కదా అనుకుంటున్నారేమో. ఆగండి. ఆ ఏట్లోంచి ఒడ్డుకు వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లి ఏం చేశారు? పల్లెపల్లెకూ ఒక గుడి కట్టుకోవాలని చూశారు. ముందు తాటాకు పాక, తర్వాత మట్టిగోడ, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పెంకు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి గుడి లోపలికి రానివ్వరు, ఊరి బావి దగ్గరకు రానివ్వరు, ఊరి వీధిలో చెప్పులు వేసుకుని నడవనివ్వరు. అలాంటి మనుషులు తలెత్తి లోపలికి నడిచి, చాప మీద కూర్చుని, గొంతెత్తి పాడిన మొదటి కప్పు ఆ గుడిదే. అక్కడ చెప్పులు విడిచారు కానీ ఎవరికో భయపడి కాదు. మండే పొద దగ్గర దేవుడు మోషేకు చెప్పిన కారణంతో, అది పరిశుద్ధమైన నేల అని విడిచారు. ఆదివారం గుడి, సోమవారం నుంచి బడి. నేల మీద బలపం పట్టి మొదటి అక్షరం దిద్దిందీ అక్కడే, పెళ్లి ప్రమాణం చేసిందీ అక్కడే, ఆఖరి పాట పాడించుకుందీ అక్కడే.

మీరు ఆ కుటుంబాల నుంచి వచ్చారో లేదో రాయలేదు, నేను అడగను కూడా. కానీ మన పల్లెల్లో ఎవరైనా పాత గుడి కోసం ఏడిస్తే, "గోడలే కదా" అని నేను మాత్రం అనలేను. ఆ గోడల్లో మనుషుల పరువు ఉంది. మెదక్ సంగతి చూడండి. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కట్టించిన ఆ చర్చి పనులు పదేళ్లు నడిచి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. గంట గోపురం 175 అడుగులు, రంగుటద్దాల కిటికీలు, చూడ్డానికి బస్సుల్లో వచ్చే జనం. కానీ ఆ చుట్టుపక్కల పాతవాళ్లు ముందు చెప్పే కథ గోపురం గురించి కాదు. కరవు రోజుల్లో ఆ పనికి వెళ్లి తిండి తెచ్చుకున్న కథ. చోటు పవిత్రం కావడానికి ఎన్ని దారులో!

ఇదే పేచీ పాతకాలంలోనూ ఉంది. నాలుగో శతాబ్దంలో నిస్సాకు చెందిన గ్రెగరీ అనే బిషప్పు యెరూషలేము యాత్రల మీద ఒక ఘాటైన ఉత్తరం రాశాడు. చోటు మారినంత మాత్రాన దేవుడికి దగ్గర కారు, మనసు నిండా చెత్త పెట్టుకుని యేసును సిలువ వేసిన గొల్గొతా వెళ్లినా లాభం లేదు అని. మీ ఆయనకు ఈయన బాగా నచ్చుతాడు. ఆ తరంవాడే జెరోము అనే క్రైస్తవ పండితుడు, యెరూషలేము నుంచైనా బ్రిటన్ నుంచైనా పరలోకపు వాకిలి ఒకే దూరమని రాశాడు. ఇంత రాసినవాడు తన మకాం మాత్రం బేత్లెహేములోనే పెట్టుకున్నాడు, చివరిదాకా అక్కడే ఉన్నాడు! నాకు ఈ తాతయ్య భలే ఇష్టం. తలలో ఒక మాట ఉంది, కాళ్లు ఇంకో మాట చెప్పాయి. రెండూ నిజమే.

సంఘాల మధ్య తేడాలున్నాయి, వాటిలోకి ఎక్కువ వెళ్లను. కతోలికులకు మందసంలో ఉంచిన దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరమని వాళ్లు నమ్మే రొట్టె) వల్ల ఆ చోటే వేరు. పక్కన వెలిగే దీపం అందుకే. ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కే జనం మెట్టుమెట్టుకూ ప్రార్థన చేస్తూ ఎక్కుతారు. బాప్టిస్టులకు చర్చి అంటే సంఘం కూడుకునే ఇల్లు. స్వతంత్ర సహవాసాల్లో ఆ ఇల్లు కూడా అద్దెదైనా ఫరవాలేదు. ఎవరి నమ్మకం వారిది. కానీ ఇందులో ఏ సంఘం మనిషి అయినా తల్లి మోకాళ్లూనిన చోటు చూస్తే గొంతు పట్టుకుంటుంది. అది సిద్ధాంతానికి అందేది కాదు.

ఇక మీ అమ్మగారు. ఆమెకు మీరు చెప్పాల్సింది ఏమీ లేదు, చదివి వినిపించాల్సింది ఒకటి ఉంది. ఎజ్రా మూడో అధ్యాయం చివరి వచనాలు. బబులోను చెర నుంచి యెరూషలేముకు తిరిగి వచ్చినవాళ్లు కొత్త మందిరానికి పునాది వేశారు. కుర్రవాళ్లు సంతోషంతో కేకలు వేశారు. పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గొల్లుమని ఏడ్చారు. ఏది కేకో ఏది ఏడుపో తేడా తెలియనంతగా శబ్దం కలిసిపోయి దూరానికి వినిపించిందని రాసి ఉంది. ఆ అధ్యాయంలో ముసలివాళ్లను ఎవరూ కోప్పడలేదు. కుర్రవాళ్ల సంతోషాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. మీ కొత్త చర్చి ప్రతిష్ఠ పత్రిక మీద కడవరి మందిరపు మహిమ మునుపటి దానిని మించుతుందన్న హగ్గయి ప్రవక్త వచనం ఉండే ఉంటుంది. మన దగ్గర ఎక్కువ పత్రికల మీద ఉండేది అదే. ఆ వచనం పునాది దగ్గర ఏడ్చిన ఆ ముసలివాళ్లకు ధైర్యం చెప్పడానికి వచ్చింది, వాళ్ల నోరు మూయించడానికి కాదు.

సంఘ పెద్దల వైపు నుంచి కూడా ఒక్క మాట చెప్పాలి. పాత పెంకు కప్పు కింద వానాకాలం బకెట్లు పెట్టుకుని ఆరాధన చేసినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. దూలాలు చెదపట్టి ఉంటాయి. జనం పెరిగి సగం మంది ఎండలో నిలబడి ఉంటారు. కూలి డబ్బుల్లోంచి నెలనెలా తీసి పెట్టి కట్టుకున్న చర్చి అది. వాళ్లకు ఆ టైల్స్ గొప్ప. మీ తాతలకు పెంకులు ఎంత గొప్పో అంత. పాత గుడి కట్టినప్పుడు కూడా ఎవరో ఒక ముసలమ్మ తాటాకు పాకే బాగుండేదని చింతచెట్టు కింద కూర్చునే ఉంటుంది.

అమ్మను లోపలికి రమ్మని బలవంతం పెట్టకండి. చెట్టు కింద ఆమె పక్కన మీరూ ఒక ఆదివారం చాప వేసుకుని కూర్చోండి. మన బోధకులు మొదట్లో ప్రార్థనలు పెట్టింది చెట్ల కిందే. ఆమె సంఘం బయట లేదు. ప్రభువు బల్ల రోజున మాత్రం పాస్టరు అయ్యగారిని అడిగి రొట్టె, రసం చెట్టు దగ్గరికి తెమ్మనండి. ముసలివాళ్లకు, మంచంలో ఉన్నవాళ్లకు ఇంటికే తెచ్చి ఇచ్చే అలవాటు మన సంఘాల్లో ఉన్నదే. కొన్నాళ్లకు ఆమే లేచి లోపలికి వెళ్తుందేమో, వెళ్లకపోతే వెళ్లదు.

ఇప్పుడు మీ సంగతి. ప్రార్థన రావడం లేదన్నారు. క్రిస్మస్‌కి అక్కడ మోకాళ్లూనినప్పుడు మీకు కనిపించకుండా పోయింది గుడి ఒక్కటేనా? పెట్టె ఉంచిన నేల, గంట తాడు వేలాడిన మూల, ఆయన భుజం ఆనిన గోడ. నాన్నగారు పోయిన రోజున మీకు ఏడవడానికి ఒక చోటు ఉంది. ఏడాది తర్వాత ఆ చోటు కూడా పోయింది. మనిషిని రెండుసార్లు పోగొట్టుకున్నట్టు. అందుకే మాట రాలేదు. ఏడుపు అడ్డం పడ్డ గొంతులోంచి ప్రార్థన ఎలా వస్తుంది? దాన్ని ఆత్మీయంగా చల్లారిపోవడం అనుకుని భయపడకండి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, పనిలో మనసు నిలవకపోవడం లాంటివి కూడా ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రార్థన చేస్తే పోతుందిలే అని ఎవరైనా ఆపితే వినకండి.

చెరలో ఉన్న దానియేలు చేసిన పని మీకు పనికొస్తుందనిపిస్తోంది. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి, "యథాప్రకారముగా అనుదినము ముమ్మారు" మోకాళ్లూనేవాడు. ఆదివారం బడిలో సింహాల గుహ గురించి చెప్పేటప్పుడు ఈ కిటికీ దగ్గర ఎవరూ ఆగరు. ఆయన తిరిగింది ఏ మందిరం వైపు? అప్పటికి ఆ మందిరం లేదు. బబులోను సైన్యం కాల్చేసి దాదాపు యాభై ఏళ్లు. తిరిగి కట్టడం ఇంకా జరగలేదు. ఉన్నదల్లా కాలిన రాళ్ల గుట్ట. ఆ గుట్ట వైపు కిటికీ తెరిచి పెట్టుకుని, పరాయి ఊళ్లో తన ఇంట్లో ప్రార్థన చేశాడు. పరాయి దేశంలో ఉన్నవాళ్లు ఈ తట్టు తిరిగితే విను అని సొలొమోను అడిగాడే, ఆ మాటనే ఈయన నమ్ముకున్నాడు.

కాబట్టి మీ ఫ్లాటులో ఒక మూల చూసుకోండి. ఏ గది అయినా సరే, వాషింగ్ మెషీన్ పెట్టిన బాల్కనీ అయినా సరే. "నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి" ప్రార్థించమని యేసు చెప్పిన చోట గ్రీకులో ఉన్న మాటకు సామాన్లు దాచుకునే లోపలి గది అనే అర్థం ఉంది. పేదవాళ్ల ఇళ్లలో తలుపు వేసుకోగలిగేది అదొక్కటే. మా అమ్మ బియ్యం బస్తాల కొట్టుగదిలో ప్రార్థన చేసేది. మాకు బడి ఫీజు కావాలన్నా, దెబ్బలు తప్పించుకోవాలన్నా ఆ తలుపు దగ్గరే కాచుకునేవాళ్లం. మధ్యలో తలుపు కొడితే ఇంకా గట్టి దెబ్బలు పడేవి, అది వేరే సంగతి. ఇప్పటికీ కొత్త బియ్యం వాసన వస్తే నాకు మొదట గుర్తొచ్చేది అన్నం కాదు, ఆమె గొణుగుడు.

మూల చూసుకున్నాక రోజూ ఒకే వేళకు అక్కడికి వెళ్లండి. నాన్నగారు పొద్దున ఏ వేళకు మొదటి గంట కొట్టేవారో ఆ వేళ అయితే ఇంకా మంచిది. మాటలు రావాలని పట్టు పట్టకండి. ఆయన ఎప్పుడూ పాడుకునే కీర్తన ఒకటి ఉంటుంది కదా, అది ఒక్క చరణం పాడి లేవండి. రాగం తప్పినా ఫరవాలేదు. మరుసటి రోజూ అంతే. మొదటి వారం ఏమీ అనిపించదు. రెండో వారం విసుగొస్తుంది. ఆ చోటుకి మీరు అలవాటు పడాలి, మీ మోకాళ్లకు ఆ చోటు అలవాటు పడాలి. మీ పల్లె గుడికి కూడా మొదటి ఆదివారం సున్నం వాసన తప్ప ఏమీ ఉండి ఉండదు. మీ నాన్న ముప్పై ఏళ్లు వెళ్తే అది అలా అయింది.

ఫంక్షన్ హాలు గురించి నవ్వొచ్చింది, క్షమించండి. యేసు మొదటి సూచకక్రియ, అంటే అద్భుతం, చేసింది పెళ్లింట్లోనే కదా, ఆ వాసన ఆయనకు కొత్త కాదులెండి. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్ అనే ఊళ్లో క్రీస్తుశకం 240 ప్రాంతంలో క్రైస్తవులు ఒక మామూలు ఇంటిని తీసుకుని, రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు. ఇంకో గదిలో బాప్తిస్మానికి తొట్టి కట్టి, గోడ మీద గొర్రెను మోసే కాపరి బొమ్మ వేసుకున్నారు. ఇప్పటిదాకా తవ్వకాల్లో దొరికిన అతి పాత చర్చిల్లో అదొకటి. మీ హాలుకి తాత లాంటిది. మీరు ఒక పని చేసి చూడండి. ఆదివారం అరగంట ముందు వెళ్లి కుర్చీలు సర్దేవాళ్లతో కలిసి సర్దండి. ఊడ్చిన చోటు మీద, చాప పరిచిన చోటు మీద మనిషికి ఒక రకమైన మక్కువ పుడుతుంది. వచ్చినప్పుడల్లా ఒకే కిటికీ పక్క కూర్చోండి. పాటకు ముందు పది నిమిషాలు ఖాళీ హాల్లో ఉంటే బిర్యానీ వాసన కూడా తెలియదు.

మీ ఆయన్ని కూడా మీతో పాటు ఒకసారి పల్లెకు తీసుకెళ్లండి. చర్చి చూపించడానికి కాదు. వెల్లంపల్లి దగ్గర ఏటి ఒడ్డుకు. గోడలు లేని చోటంటే ఆయనకు ఇష్టమే కాబట్టి అభ్యంతరం ఉండదు. నాన్నగారి కథలు అక్కడ చెప్పండి. మీ దుఃఖం గురించి ఆయనకు వాక్యం తెలిసినంతగా వివరం తెలిసినట్టు లేదు.

చివరగా ఒకటి అడగాలి. పెంకులు ఏమయ్యాయో, దూలాలు ఏమయ్యాయో నాకు అక్కర్లేదు. గంట ఏమైంది? మీరు రాయలేదు. ముప్పై ఏళ్లు నాన్నగారు తాడు పట్టిన గంటను పాత ఇనుముకు వేసి ఉండరు, పల్లెలో అంత తెగువ ఎవరికీ ఉండదు. ఏ సంఘ పెద్ద ఇంట్లో మంచం కిందో, కొత్త చర్చి వెనక సామాన్ల గదిలో పాత మైకు పెట్టెల మధ్యో ఉంటుంది. ఈ సారి ఊరికి వెళ్లినప్పుడు అయ్యగారిని అడగండి. గొడవగా అడగొద్దు, మామూలుగా అడగండి. ఆ వేపచెట్టు కొమ్మకు గొలుసుతో కట్టడానికి ఒప్పుకుంటారేమో చూడండి. మొదటి గంట అమ్మ చేత కొట్టించండి. తాడు కొంచెం పొడుగ్గా కట్టమనండి, ఆమె కూర్చున్న చోటి నుంచే అందేలా.